గ్రానీ స్క్వేర్ చదునుగా ఎందుకు ఉంటుంది?

క్రోషె నేర్చుకోవడం మొదలుపెట్టిన వాళ్లకు గ్రానీ స్క్వేర్ తొలి పాఠం. నడిమి నుంచి మొదలుపెట్టి చుట్టు మీద చుట్టు అల్లుకుంటూ పోతే చక్కటి చదరం రావాలి. చాలామందికి మొదట్లో వచ్చేది అది కాదు. కొందరి చేతిలో అంచులు పైకి లేచి దొప్ప తయారవుతుంది. కొందరికి అంచులు సాగిపోయి అలలు తిరుగుతాయి. ఇంకొందరికి చదరమే వస్తుంది గానీ మూలలన్నీ ఒక పక్కకు ఒరిగిపోతాయి. చూసినవాళ్లు “ఇంకా చెయ్యి కుదరలేదు” అంటారు. నేర్చుకునేవాళ్లూ అది నిజమే అనుకుని అంతా విప్పేస్తారు.

ఆ మాట సగమే నిజం. దొప్ప వచ్చినా, అలలు వచ్చినా అల్లిక తప్పు చేయలేదు. వేసిన లెక్కకు ఏ ఆకారం రావాలో ఆ ఆకారమే వచ్చింది. ఒక ఉపరితలం చదునుగా ఉందా, లోపలికి వంగిందా, బయటికి విచ్చుకుందా అన్నది దాని మీద వేసిన చుట్ల చుట్టుకొలత ఏ లెక్కన పెరుగుతోందో దాన్నిబట్టి తేలుతుంది. 19వ శతాబ్దపు జ్యామితిలో అతి ముఖ్యమైన ఆలోచనల్లో ఇదొకటి. కొక్కెం సూది పట్టుకున్న ప్రతి ఒక్కరూ తెలియకుండానే దానితో పని చేస్తున్నారు. తెలిసి చేస్తే నేర్చుకోవడం తేలికవుతుంది, జ్యామితి కూడా చేతికి అందుతుంది.

ముందుగా ఆ చదరం సంగతి. మనకు తెలిసినంతలో దీని అల్లిక పద్ధతి అచ్చులో తొలిసారి కనిపించేది 1885లో, ‘ప్రెయిరీ ఫార్మర్’ అనే అమెరికా వ్యవసాయ పత్రికలో. మిగిలిపోయిన రంగు రంగుల ఊలు ముక్కల్ని పారేయకుండా చిన్న చిన్న చదరాలుగా అల్లి, వాటిని అతికి దుప్పటి చేసుకునే పొదుపు దీని పుట్టుకలోనే ఉంది. ఒకసారి కూర్చుంటే ఒక చదరం అయిపోతుంది. పాడైతే పోయేది ఆ ఒక్క చదరమే.

అల్లే తీరు ఇది. కొన్ని గొలుసు కుట్లు వేసి, వాటిని కలిపి చిన్న వలయం చేస్తారు. ఆ వలయంలోకి మూడు డబుల్ క్రోషె కుట్లు కలిపి ఒక గుత్తిగా వేస్తారు. తరువాత రెండు గొలుసు కుట్లు, అది మూల. మళ్లీ ఒక గుత్తి, మళ్లీ మూల. నాలుగు గుత్తులు, నాలుగు మూలలతో మొదటి చుట్టు పూర్తి. రెండో చుట్టులో ప్రతి మూల సందులోకి ఒక గుత్తి, రెండు గొలుసులు, మళ్లీ ఒక గుత్తి పడతాయి. మూడో చుట్టు నుంచి మూలల్లో రెండేసి గుత్తులు, పక్కల్లో రెండు గుత్తుల మధ్య ఉన్న ప్రతి సందులోనూ ఒకటి. నియమం ఇంతే. ఇదే నియమంతో చేతిరుమాలంత చదరమైనా, మంచం నిండే దుప్పటైనా అల్లవచ్చు.

కొత్తవాళ్లకు దీన్నే ముందు నేర్పడానికి గట్టి కారణం ఉంది. చాలా క్రోషె అల్లికల్లో సూదిని కింది వరసలోని కుట్టు తలలోకి, రెండు పోగుల కిందుగా దూర్చాలి. కొత్తవాళ్ల కంటికి ఆ తల ఎక్కడుందో ఆనదు. కిందిది వదిలేసి పక్కదాంట్లో గుచ్చడం, ఒకే కుట్టులో రెండుసార్లు గుచ్చడం అక్కడే మొదలవుతాయి. గ్రానీ స్క్వేర్‌లో సూది దూరేది కుట్టులోకి కాదు, గుత్తుల మధ్య సందులోకి. ఆ సందు వేలికి కూడా తగులుతుంది. లెక్క తప్పే అవకాశం అక్కడికక్కడే తగ్గిపోతుంది.

డబుల్ క్రోషె కుట్టును ఒకసారి నెమ్మదిగా వేసి చూడాలి. సూది మీద అప్పటికే ఒక ఉచ్చు ఉంటుంది. దారాన్ని సూదికి ఒకసారి చుట్టి, సందులోకి దూర్చి, అవతల దారాన్ని పట్టి ఇవతలికి లాగితే సూది మీద మూడు ఉచ్చులు నిలుస్తాయి. మళ్లీ దారం పట్టి రెండు ఉచ్చుల్లోంచి లాగితే రెండు మిగులుతాయి. మరోసారి దారం పట్టి ఆ రెండింటిలోంచీ లాగితే ఒక్కటి మిగులుతుంది. కుట్టు ఎంత ఎత్తుగా లేచినా, ఎన్ని మెలికలు తిరిగినా చివరకు సూది మీద ఉండేది ఒకే ఒక ఉచ్చు. క్రోషె నిర్మాణంలో కీలకం ఇదే. రెండు సూదులతో చేసే స్వెటర్ అల్లికలో వరసలోని ఉచ్చులన్నీ సూది మీద తెరిచే ఉంటాయి. వంద కుట్ల వెడల్పుంటే వంద ఉచ్చులూ ఏకకాలంలో మోయాలి, ఒకటి జారితే కింది దాకా జారుతూ పోతుంది. క్రోషెలో తెరిచి ఉన్నది ఆ ఒక్క ఉచ్చే, మిగిలినవన్నీ మూసుకుపోయినవే. అందువల్ల వెనక్కి తిరగవచ్చు, ఏ సందులోంచైనా కొత్త దిక్కుకు పోవచ్చు, చుట్టు ఎంత పెద్దదైనా సూది మీద బరువు పెరగదు. ఈ చిన్న తేడా గణిత చరిత్రలో ఒకచోట అక్కరకు వచ్చింది. దాని దగ్గరకు వస్తాను.

మూసుకుపోయినంత మాత్రాన అవి శాశ్వతమైన ముడులు కావు. చివరి ఉచ్చును వదిలేసి దారం లాగితే మొదటి కుట్టు దాకా వరసగా ఊడివస్తుంది, చేతిలో మిగిలేది ముడి లేని తిన్నని పోగే. చివరి కొసను ఉచ్చులోంచి పూర్తిగా లాగి బిగించినప్పుడే ఊడకుండా నిలుస్తుంది. తప్పు చేస్తే పోయేది కాలమే తప్ప దారం కాదని కొత్తవాళ్లకు ముందే చెప్పాలి. ఆ ధైర్యం లేకపోతే ప్రయోగాలు చేయరు.

ఇక లెక్కకు వద్దాం. మొదటి చుట్టులో 4 గుత్తులు, రెండో చుట్టులో 8, మూడో చుట్టులో 12, పదో చుట్టులో 40. చుట్టు చుట్టుకీ సరిగ్గా నాలుగు గుత్తులు పెరుగుతాయి, ఎందుకంటే పెంపు మూలల్లోనే జరుగుతుంది, మూలలు నాలుగే. బడిలో అంక శ్రేఢి అని చదువుకున్నది ఇదే. పది చుట్లకు మొత్తం గుత్తులు 220, కుట్లు 660. దీంట్లోంచి పనికొచ్చే విషయం ఒకటి బయటపడుతుంది: పది చుట్ల చదరంలో 8, 9, 10 చుట్లలోనే 108 గుత్తులుంటాయి, అంటే దాదాపు సగం. చివరి మూడు చుట్లు ఒకే రంగులో అల్లాలనుకుంటే మొత్తం దారంలో సగం ఆ రంగే కావాలి. బయటి చుట్టు సగంలో ఉండగా రంగు అయిపోయి, కొట్లో అదే ఛాయ దొరక్క ఇబ్బంది పడేవాళ్లలో ఎక్కువమంది చుట్లన్నింటికీ సమానంగా దారం పడుతుందనుకున్నవాళ్లే.

నాలుగు గుత్తులు పెంచితే చదునుగా ఎందుకు వస్తుంది? ఐదో, మూడో ఎందుకు కాదు? దీనికి జవాబు చదరాన్ని కొలిచి చూస్తేనే దొరుకుతుంది. ఒక చుట్టు పూర్తయినప్పుడు చదరం నాలుగు వైపులా ఒక కుట్టు ఎత్తు మేర పెరుగుతుంది. ఎడమ పక్క ఒక ఎత్తు, కుడి పక్క ఒక ఎత్తు, కలిపి ఒక్కో భుజం రెండు కుట్ల ఎత్తుకు సమానంగా పొడుగవుతుంది. అదే సమయంలో ఒక్కో భుజంలో కొత్తగా చేరేది ఒక గుత్తి, దాని పక్క సందు. ఈ రెండూ సరిపోవాలి. అంటే ఒక గుత్తి వెడల్పూ ఒక సందు వెడల్పూ కలిపితే కుట్టు ఎత్తుకు రెట్టింపు రావాలి. గ్రానీ స్క్వేర్ చదునుగా ఉండడానికి షరతు ఈ ఒక్క సమీకరణమే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక మాదిరి మందం ఊలుతో 10 సెంటీమీటర్లలో అడ్డంగా 14 డబుల్ క్రోషె కుట్లు, నిలువుగా 8 వరసలు పట్టాయనుకుందాం. కుట్టు వెడల్పు సుమారు 0.71 సెంటీమీటర్లు, ఎత్తు 1.25. ఎత్తుకు రెట్టింపు 2.5 సెంటీమీటర్లు. మూడు కుట్ల గుత్తి వెడల్పు 2.14. మిగిలిన 0.36 సెంటీమీటర్లు గుత్తికీ గుత్తికీ మధ్య సందు. ఎంత దగ్గరగా సరిపోయిందో చూడండి. గుత్తిలో మూడు కుట్లే ఎందుకుండాలన్న ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. డబుల్ క్రోషె కుట్టు దాని వెడల్పుకు ఒకటిన్నర నుంచి రెండు రెట్ల ఎత్తు ఉంటుంది. దానికి రెట్టింపు మూడు నుంచి నాలుగు కుట్ల వెడల్పు. మూడు కుట్లు, ఒక చిన్న సందు ఆ కొలతలో ఇమిడిపోతాయి. ఈ నిష్పత్తిని ఎవరో కాగితం మీద లెక్క కట్టి కనిపెట్టి ఉండరు. అల్లి, చూసి, విప్పి, మళ్లీ అల్లిన చేతులు దాన్ని పట్టుకున్నాయి. అలా పట్టుకున్న జ్ఞానానికి నేను లెక్క కట్టి పట్టుకున్న దానితో సమానమైన గౌరవం ఇస్తాను.

ఈ సమీకరణం తెలిస్తే తప్పులు వాటంతటవే అర్థమవుతాయి. గుత్తుల మధ్య ఒక్కో గొలుసు కుట్టు వేయమని కొన్ని పుస్తకాలు చెబుతాయి, వద్దని కొన్ని చెబుతాయి. రెండూ సరైనవే. పొట్టి కుట్లు వేసే చేతికి ఆ గొలుసు అనవసరం, వేస్తే వెడల్పు ఎక్కువై అంచు అలలు తిరుగుతుంది. కుట్టును పొడుగ్గా లాగే చేతికి అది కావాలి, లేకపోతే అంచు చాలక చదరం లోపలికి ముడుచుకుంటుంది. ఇంకొక చిక్కు కూడా ఇలాంటిదే. అమెరికా పుస్తకాలు డబుల్ క్రోషె అనే కుట్టునే బ్రిటన్ పుస్తకాలు ట్రెబుల్ అంటాయి. బ్రిటన్ పుస్తకం ముందు పెట్టుకుని అమెరికా పద్ధతిలో ట్రెబుల్ వేస్తే కుట్టు ఎత్తు పెరుగుతుంది, వెడల్పు అలాగే ఉంటుంది. ఫలితం దొప్ప. చేతిలో లోపం ఏమీ లేదు, ఎత్తూ వెడల్పుల పొత్తు చెడింది, అంతే.

ఇప్పుడు అసలు ప్రయోగం. నియమాలన్నీ అలాగే ఉంచి మూలల సంఖ్య మాత్రం మార్చి చూడాలి. మొదటి వలయంలో నాలుగు గుత్తులకు బదులు మూడు వేసి, మూడు మూలలతోనే కొనసాగిస్తే త్రిభుజం వస్తుందని అనుకుంటాం. రాదు. ఒక్కో మూల కేంద్రం దగ్గర తన వంతుగా 90 డిగ్రీల కోణాన్ని ఆక్రమిస్తుంది. నాలుగు మూలలకు 360 డిగ్రీలు, బల్ల మీద చదునుగా పరుచుకోవడానికి సరిగ్గా కావలసినంత. మూడు మూలలకు 270 డిగ్రీలే. 90 డిగ్రీలు తక్కువపడ్డ ఆ అల్లిక పైకి లేచి, పెట్టె మూలలా నిలబడుతుంది. మూడు చదరపు పలకలు ఒకచోట కలిస్తే ఏర్పడే ఘనం మూల అదే. ఐదు మూలలతో అల్లితే 450 డిగ్రీలు, 90 డిగ్రీలు ఎక్కువ. పరుచుకోవడానికి చోటు చాలక అంచులు ఒకచోట పైకి, ఒకచోట కిందికి వంగి జీను ఆకారం వస్తుంది.

ఆరు మూలలతో అల్లినది మరీ ఆశ్చర్యం. 540 డిగ్రీలు. బల్ల మీద ఎటు నొక్కినా పడుకోదు. కానీ తగిన చోట మడిస్తే రెండు పొరల కోణమట్టం ఆకారం వచ్చి చక్కగా చదును అవుతుంది. కోణమట్టం లోపలి మూల దగ్గర బట్ట ఉన్న వైపు కోణం 270 డిగ్రీలు, రెండు పొరలకు కలిపి 540. ఆ ఆకారంలో ఒక భాగం స్వెటర్ చేతికి, ఇంకొకటి ఒంటికి సరిపోతాయి. ఇలాంటివి రెండు అల్లి వీపు మీద అతికితే ముందు తెరిచిన స్వెటర్ తయారు. క్రోషె చేసేవాళ్లలో ఇది బాగా వాడుకలో ఉన్న పద్ధతి, షడ్భుజి కార్డిగన్ అంటారు. చంక దగ్గరకు వచ్చేది ఆరు మూలల ఆ అల్లిక కేంద్రం. దర్జీ కత్తిరించి, కుట్టి సాధించే ఆకారాన్ని ఇక్కడ కత్తెర లేకుండా 180 డిగ్రీల అదనపు కోణం సాధిస్తోంది.

ఇలాంటి ఉపరితలాల వక్రతను గురించే 1827లో గణితవేత్త గౌస్ ఒక సిద్ధాంతాన్ని వెలువరించాడు. ఒక ఉపరితలం ఎలా వంగి ఉందో తెలుసుకోవడానికి దాని బయటికి వచ్చి చూడనక్కరలేదు, దాని మీదే ఉండి పొడుగులూ కోణాలూ కొలిస్తే చాలు అన్నది దాని సారాంశం. ఆ ఫలితం ఆయనకే ఎంతో గొప్పగా తోచి, లాటిన్‌లో ‘అత్యుత్తమమైన సిద్ధాంతం’ అనే అర్థం వచ్చే పేరుతో పేర్కొన్నాడు. క్రోషె చేసే మనిషి చేసేది అక్షరాలా ఇదే. ఆమె అల్లికను చేతిలో పట్టుకుని బయటి నుంచి వంచడం లేదు. అల్లిక లోపలే ఉండి కుట్లు లెక్కపెడుతోంది. ఆ లెక్క పూర్తయ్యేసరికి వంపు దానంతటదే వచ్చి కూర్చుంటుంది.

ఇక్కడొక సూక్ష్మమైన తేడా గమనించాలి. చుట్టు చుట్టుకీ ఒకే సంఖ్యలో కుట్లు పెంచుకుంటూ పోతే, ఆ సంఖ్య ఎంతైనా, వంపంతా కేంద్రం దగ్గరే పోగుపడుతుంది. మూడు మూలల అల్లికలో పెట్టె మొన దగ్గరే వక్రత ఉంది, దాని పలకలు చదునే. ఐదు మూలల దాంట్లోనూ అంతే. ఉపరితలం మీద అడుగడుగునా సమానమైన వంపు కావాలంటే పెంపు తీరే మారాలి. బంతి అల్లేటప్పుడు మొదట పెంచి, నడుమ పెంపు ఆపి, తరువాత తగ్గిస్తారు. దానికి పూర్తిగా ఎదురు తీరు ఇంకొకటుంది. ప్రతి ఐదు కుట్లకు ఒకటి చొప్పున పెంచుతూ పోవడం. ఇది గుణ శ్రేఢి. 20 కుట్లతో మొదలుపెట్టి చుట్టుకు నాలుగేసి పెంచితే 20 చుట్ల తరువాత 100 కుట్లుంటాయి. ఐదుకు ఒకటి చొప్పున పెంచితే పది చుట్లకే సుమారు 124, ఇరవై చుట్లకు 760 పైన. అంత చుట్టుకొలత చదునుగా పట్టడానికి జాగా ఎక్కడుంది? అది అల మీద అల వేసుకుని, మడత మీద మడత పడి, చేతిలో పట్టుకుంటే చిక్కటి కుచ్చుగా నిలుస్తుంది. గణితంలో దీన్ని అతిపరావలయ తలం అంటారు.

ఈ తలానికి చరిత్ర ఉంది. ఒక రేఖకు దాని బయటి బిందువు గుండా ఒకే సమాంతర రేఖ గీయగలం అన్న యూక్లిడ్ స్వీకృతాన్ని పక్కన పెట్టినా జ్యామితి కూలిపోదని రష్యాలో లోబచెవ్‌స్కీ 1829లోనూ, హంగేరీలో బోయాయ్ 1832లోనూ ప్రకటించారు. ఆ జ్యామితి పనిచేసే తలం ఎలా ఉంటుందో చేత్తో పట్టుకుని చూపించడం మాత్రం చాలాకాలం ఎవరివల్లా కాలేదు. అలాంటి తలాన్ని సంపూర్ణంగా, ఎక్కడా తెగకుండా మన త్రిమితీయ ప్రదేశంలో నునుపుగా ఇమడ్చడం అసాధ్యమని 1901లో హిల్బర్ట్ నిరూపించాడు. దాని ఒక ముక్కను మాత్రం తయారు చేయవచ్చు. 1970లలో గణితవేత్త విలియం థర్స్టన్ కాగితపు పట్టీలు అతికి అలాంటి ముక్కలు చేసే ఉపాయం చెప్పాడు. తరగతిలో పదిమంది చేతులు మారితే ఆ కాగితం చిరిగిపోయేది.

1997లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న లాట్వియా గణితవేత్త డైనా టైమిన్యా ఆ కాగితపు నమూనాను చూసి, దీన్ని దారంతో చేయవచ్చుననుకున్నారు. ముందు రెండు సూదుల అల్లికతో ప్రయత్నించారు. కుట్లు గుణ శ్రేఢిలో పెరుగుతుంటే సూదుల మీద తెరిచి ఉన్న ఉచ్చుల్ని మోయడం కుదరలేదు. క్రోషెకు మారారు. ఎన్ని వందల కుట్లున్నా సూది మీద ఒకే ఉచ్చు, పైన చెప్పిన తేడా అక్కరకు వచ్చింది ఇక్కడే. ఆ ఊలు తలం మీద మడత పెట్టి గీత తెచ్చి, ఒక రేఖకు బయట ఉన్న ఒకే బిందువు గుండా పోతూ ఆ రేఖను ఎన్నడూ కలవని రేఖలు ఎన్నో ఉన్నాయని విద్యార్థుల చేతికే ఇచ్చి చూపించవచ్చు. దాదాపు 170 ఏళ్లు ప్రధానంగా సమీకరణాల్లోనే ఉన్న విషయం అలా వేళ్లకు తగిలింది. ఈ పని మీద ఆమె రాసిన పుస్తకానికి 2012లో అమెరికా గణిత సంఘం ఆయిలర్ పుస్తక బహుమతి ఇచ్చింది. ఆ పురస్కారం ఒక ఇంటి పనిముట్టుకు కూడా దక్కిందని నేను భావిస్తాను.

ఈ ఆకారం ప్రకృతిలో కొత్తది కాదు. సముద్రపు పగడాలు, సముద్రపు నత్తల రెక్క అంచులు, లెట్యూస్ ఆకు అంచులు అలా తిరగడానికి కారణం ఒకటే. అంచు దగ్గర కణజాలం లోపలి దానికంటే ఎక్కువ వేగంగా పెరగడం. పగడాలకు అలాంటి ఆకారం వల్ల చిన్న జాగాలో ఎక్కువ ఉపరితలం దొరుకుతుంది, నీటిలో కొట్టుకొచ్చే ఆహారం అందుకోవడానికి అది మేలు. ఆస్ట్రేలియాలో పుట్టిన కవల సోదరీమణులు మార్గరెట్, క్రిస్టీన్ వర్థైమ్‌లు లాస్ ఏంజెలెస్‌లో 2005లో ఈ అల్లికతో పగడపు దిబ్బను రూపొందించడం మొదలుపెట్టారు. వేడెక్కుతున్న సముద్రంలో గ్రేట్ బారియర్ రీఫ్ తెల్లబారి చచ్చిపోతుంటే చూడలేక చేపట్టిన పని అది. తరువాత ఎన్నో దేశాల్లో వేలమంది, ఎక్కువగా ఆడవాళ్లు, తమ ఊళ్లలో తమ దిబ్బలు అల్లారు.

మళ్లీ కొత్తగా నేర్చుకునే వాళ్ల దగ్గరకు. లెక్క అంతా సరిగ్గా ఉన్నా కుట్లు ఒకటి బిగుతుగా, ఒకటి వదులుగా పడుతుంటే పై సమీకరణం చుట్టు చుట్టుకీ మారిపోతుంది. ఇది నిజంగానే చేతి సంగతి, కానీ దీనికీ భౌతికశాస్త్రం ఉంది. రేవులో పడవ తాడును గుంజకు రెండు చుట్లు తిప్పితే ఒక్క మనిషి పడవను ఆపగలడు. చుట్టిన కోణం పెరిగేకొద్దీ ఘర్షణ పట్టు గుణకారంగా పెరగడమే కారణం. ఆయిలర్, ఐటెల్‌వైన్‌ల పేరిట దీనికొక సూత్రముంది. ఘర్షణ గుణకం 0.3 అనుకుంటే అర చుట్టుకు పట్టు రెండున్నర రెట్లు, పూర్తి చుట్టుకు ఆరున్నర రెట్లు, రెండు చుట్లకు 43 రెట్లు. అలవాటున్నవాళ్లు ఎడమ చేతి చిటికెన వేలికి దారాన్ని ఒకసారి చుట్టి, మధ్య వేళ్ల కిందుగా తెచ్చి, చూపుడు వేలి మీదుగా వదులుతారు. ఊలు ఉండ వైపు దారం ఎంత వదులుగా వేలాడుతున్నా సూది వైపు ఒకే తీరు బిగువు ఉండేలా ఆ ఒక్క చుట్టు చూసుకుంటుంది. జారుడు దారమైతే చుట్టు పెంచాలి, గరుకు దారమైతే తగ్గించాలి. కొత్తవాళ్లు దారాన్ని గుప్పిట్లో బిగించి పట్టుకుంటారు. కండరం అలిసేకొద్దీ బిగువు మారుతుంది. బిగువు బాధ్యతను కండరం నుంచి ఘర్షణకు అప్పగించడమే చెయ్యి కుదరడం.

మూలలు ఒక పక్కకు ఒరిగే సమస్యకు కారణం వేరు. క్రోషె కుట్టు తల దాని కాండం మీద సరిగ్గా నడిమిన నిలవదు. కుడిచేతి వాటం వాళ్ల అల్లికలో అది కొద్దిగా కుడికి జరిగి ఉంటుంది. ఎప్పుడూ ఒకే దిక్కుగా చుడుతూ పోతే ఆ కొద్ది కొద్ది జరుగుడు చుట్టు చుట్టుకీ కూడి, చదరం సుడి తిరుగుతుంది. ప్రతి చుట్టు తరువాత అల్లికను తిరగేసి, ఎదురు దిక్కులో అల్లితే ఒక చుట్టు జరుగుడును మరో చుట్టు రద్దు చేస్తుంది. దుప్పటంత పెద్దది అల్లేవాళ్లు దీన్ని తప్పక పాటించాలి.

చిన్నపాటి వంకరల్ని అల్లిక పూర్తయ్యాక తడిపి, పిన్నులు గుచ్చి, ఆరబెట్టి సరిచేయవచ్చు. గొర్రె ఊలులో కెరటిన్ అణువుల మధ్య ఉండే హైడ్రోజన్ బంధాలు తడికి తెగి, ఆరేటప్పుడు కొత్త అమరికలో మళ్లీ కుదురుకుంటాయి. మన బజారులో ఊలు పేరుతో అమ్మే దారంలో చాలావరకు అక్రిలిక్. దానికి నీళ్లు చాలవు, ఆవిరి వేడి కావాలి. ఇస్త్రీ పెట్టె నేరుగా ఆనిస్తే మాత్రం పోగులు మెత్తబడి చప్పబడిపోతాయి, మళ్లీ కోలుకోవు. ఏ దారమో తెలియకుండా ఇస్త్రీ పెట్టె దగ్గరకు వెళ్లకూడదు.

క్రోషె గురించి తెలుగులో రాస్తూ నరసాపురం దగ్గర ఆగకుండా పోలేం. పశ్చిమ గోదావరి జిల్లాలోని ఆ పట్టణం చుట్టుపక్కల పల్లెల్లో 19వ శతాబ్దంలో స్కాట్లాండ్ మిషనరీల ద్వారా వచ్చిన లేసు అల్లిక వేల ఇళ్లలో పాతుకుపోయింది. సన్నటి నూలు దారం, సన్నటి ఉక్కు సూది. ఒకరు పువ్వులు అల్లుతారు, ఇంకొకరు వాటిని అతుకుతారు, అతుకుపని అని దానికి వేరే పేరు, వేరే కూలి. దాదాపు అదే కాలంలో ఐర్లండ్‌లో కరువు బారిన పడ్డ కుటుంబాలకు ఆసరా అయిన లేసు పని కూడా ఇలాగే, పువ్వు ఒకచోట, అతుకు ఒకచోటగా సాగింది. 1982లో వెలువడిన పుస్తకంలో జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ నరసాపురం లేసు కార్మికుల బతుకును వివరంగా నమోదు చేశారు. ఎగుమతి వ్యాపారాన్ని నిలబెడుతున్న ఆడవాళ్ల శ్రమను ఇంటిపట్టున ఉండి ఖాళీ వేళల్లో చేసే పనిగా లెక్కగట్టడం వల్లే కూలి అంత తక్కువగా ఉందని ఆమె చూపించారు. చేతి క్రోషెను యథాతథంగా అల్లి బజారుకు సరుకు అందించే యంత్రం నేటికీ వాడుకలో లేదు, ప్రయోగశాలల్లో నమూనాలున్నాయంతే. కొట్లో కనిపించే ప్రతి క్రోషె వస్తువూ ఎవరో ఒకరు కూర్చుని, ఒక్కో ఉచ్చూ లాగి అల్లినదే. అది మరీ చవగ్గా దొరుకుతోందంటే తేడా ఎవరి కూలిలోంచి వచ్చిందో ఆలోచించాలి. నరసాపురం క్రోషె లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. పేరుకు రక్షణ దొరికింది. ఆ పనిలో ఉన్న జ్ఞానాన్ని మనం ఇంకా నమోదు చేసుకోలేదు.

ఉదాహరణకు, గుండ్రటి టేబుల్ గుడ్డ చదునుగా రావాలంటే వ్యాసార్ధం ఎంత పెరిగితే చుట్టుకొలత దానికి 6.28 రెట్లు పెరగాలి. పైన చెప్పిన కొలతల డబుల్ క్రోషె కుట్టుకు అది చుట్టుకు సుమారు 11 కుట్ల పెంపు. పుస్తకాలు సాధారణంగా 12 అంటాయి, ఆ కాస్త తేడాను దారం సర్దుకుంటుంది. కానీ లేసులో కుట్లన్నీ ఒక ఎత్తున ఉండవు. ఒక చుట్టు పొడుగు కుట్లతో, ఒక చుట్టు గొలుసు తోరణాలతో, ఒక చుట్టు పువ్వు రేకులతో సాగుతుంది. ప్రతి చుట్టుకీ పెంపు మళ్లీ లెక్క వేసుకోవాల్సిందే. అంచున కుచ్చు కావాలంటే ఏ చుట్టు నుంచి ఎంత అదనంగా పెంచాలో కూడా తెలియాలి. నమూనా కాగితం లేకుండా చూపుతో, వేళ్లతో దీన్ని నిభాయించే వాళ్లు నరసాపురంలో ఉన్నారు. స్వెటర్ అల్లికలో బట్ట ఎలా సాగుతుందో, ఎందుకు సాగుతుందో జార్జియా టెక్‌లో ఎలిసబెట్టా మత్సుమోటో వంటి భౌతికశాస్త్రజ్ఞులు పరిశోధిస్తున్నారు. గోదావరి జిల్లాల ఇంజనీరింగ్ కళాశాలల్లో, డిగ్రీ కళాశాలల్లో గణితం, భౌతికశాస్త్రం చదివే పిల్లలు నరసాపురం వెళ్లి, కూలి ఇచ్చి, పాత నమూనాల్ని మళ్లీ అల్లించుకుని, చుట్టు చుట్టుకీ కుట్ల సంఖ్య, కుట్టు ఎత్తు, వెడల్పు, దారం మందం, సూది నెంబరు పట్టిక కట్టవచ్చు. అల్లినవాళ్ల పేరుతోనే ఆ పట్టిక అచ్చు వేయాలి. ఆ పనికి కావలసిన పరికరాలు స్కేలు, నోటుపుస్తకం మాత్రమే.